నొగ కింద జాకీ

ట్రైలరు జాకీ గురించి రాస్తున్నానంటే మా ఆవిడ "ఇంతకన్నా పనికొచ్చే విషయం దొరకలేదా?" అంది. దొరక్కేం. వీసాల గురించి రాయొచ్చు, లేఆఫుల గురించి రాయొచ్చు. అవి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. 2023లో మాత్రం మా ఇంట్లో మూడు నెలలపాటు భోజనాల దగ్గర నడిచిన చర్చ ఈ జాకీ గురించే. ట్రైలరు ఉంచాలా, అమ్మాలా? నాన్న వస్తే నాలుగు ఊళ్ళు తిప్పగలమా, లేక ఆరు నెలలూ ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టడమేనా? ఇవన్నీ తిరిగి తిరిగి ఆ ఇనపముక్క దగ్గరికే వచ్చి ఆగేవి.

ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్ళ కోసం ముందు ట్రైలరంటే ఏమిటో చెప్పాలి. చక్రాల మీద చిన్న ఇల్లు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ ఉంటాయి, ఇంజను మాత్రం ఉండదు. మన పికప్ బండి వెనక ఒక ఇనప బంతి బిగించి ఉంటుంది. ట్రైలరు ముందుభాగం వచ్చి దాని మీద కూర్చుంటుంది. అచ్చం ఎడ్లబండే అనుకోండి. ఎడ్లు పికప్, కాడి ఆ బంతి, ముందుకి పొడుచుకొచ్చిన ఇనప చట్రం నొగ. ఎడ్లని విప్పేస్తే నొగ నేలకి వాలకుండా కింద కర్ర పెడతారు చూడండి, ఆ కర్ర స్థానంలో ఇక్కడ జాకీ ఉంటుంది. పికప్ నుంచి ట్రైలరు విడిపోయిన క్షణం నుంచి మళ్ళీ తగిలించే దాకా ముందు బరువంతా దాని ఒంటికాలి మీదే.

ఇంగ్లీషులో ఈ ముందు బరువుని నాలుక బరువు అంటారు. నాకు నొగ బరువు అనడమే బాగుంది. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు నొగ మీద ఉండాలని ఇక్కడి లెక్క. అంతకన్నా తగ్గితే హైవే మీద ట్రైలరు తోక ఊపడం మొదలెడుతుంది. మరీ పెరిగితే పికప్ వెనకభాగం కుంగి ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది. ఈ సంగతి బండి తోలినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడ కింద పట్టెడలు బిగుసుకుంటాయి, ముందు బరువు ఎక్కువైతే మెడలు కాయలు కాస్తాయి. బస్తాలు సర్దేటప్పుడే చూసుకుంటారు. మా ట్రైలరు సామానుతో కలిపి సుమారు 6000 పౌన్లు, అంటే 2700 కిలోలు. హైవే పక్కన లారీలు తూచే కాటా మీద తగిలించి ఒకసారి, విప్పి ఒకసారి తూచి చూస్తే నొగ బరువు 780 పౌన్లు తేలింది. నూటికి 13. ఎడ్లు సుఖంగా ఉన్నట్టే.

మేము దాన్ని కొన్నది 2018లో. నాది కన్సల్టింగ్ ఉద్యోగం. సోమవారం విమానం, గురువారం విమానం, మధ్యలో హోటలు. హోటలు గదిలో ఏళ్ళు గడిపినవాడికి సెలవుల్లో మళ్ళీ హోటలంటే వాంతొస్తుంది. పైగా మా ఇంటికి వచ్చే పెద్దవాళ్ళు బయటి తిండి తినరు. రైస్ కుక్కరు, ఆవకాయ జాడీ, పప్పు తాలింపు మూకుడు ఎక్కడికెళితే అక్కడికి రావాలి. ట్రైలరయితే ఎవరూ ఏమీ అనరు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సాసులో కరెంటు పోయినప్పుడు రెండు రాత్రులు మేము పడుకుంది కూడా అందులోనే, గ్యాసు హీటరు వేసుకుని.

వచ్చిన చిక్కల్లా నా కుడి భుజంతో. 2023 వేసవిలో అది పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డరు అన్నారు. షుగరు ఉన్నవాళ్ళకి ఎక్కువగా వస్తుందిట. చొక్కా వేసుకోవడానికే చెయ్యి లేవదు, ఇంక జాకీ హ్యాండిలు ఏం తిప్పుతాం? ట్రైలరుతో వచ్చిన జాకీ చేత్తో తిప్పేది. ఒక్కసారి తగిలించి విప్పాలంటే వందసార్లు పైనే తిప్పాలి. మా ఆవిడ తిప్పి చూసింది. సగం దాకా తిప్పి, హ్యాండిలు కిందపెట్టి, "అమ్మేద్దాం" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. అప్పటికే అక్టోబరులో రావడానికి నాన్నకి టిక్కెట్టు కొన్నాం.

కరెంటు జాకీ అని ఒకటుందని, దాని ధర ట్రైలరు ధరలో పదోవంతు కూడా ఉండదని చెప్పి బేరం వాయిదా వేయించాను.

ఇక్కడినుంచి నా వృత్తి బుద్ధి బయటికొచ్చింది. స్ప్రెడ్ షీటు తెరిచాను. నిలువు వరసల్లో బరువు, ఎత్తే వేగం, ధర, వారంటీ. షాపుల్లో దొరికేవి చాలావరకు 3500 పౌన్లు ఎత్తేవి, ఆ పైన 4500, 5000 ఎత్తేవీ ఉన్నాయి. షాపతను 5000 పౌన్లదే కొనమన్నాడు, "ఎందుకైనా మంచిది" అనే అర్థం వచ్చే మాటేదో అన్నాడు. నొగ బరువు 780 అయితే 3500 ఎందుకూ అని మీకనిపించొచ్చు. కారణం ఉంది. బరువు పికప్ నాలుగు చక్రాలకీ సర్దడానికి రెండు స్ప్రింగు కడ్డీలు తగిలిస్తాం. అవి తేలిగ్గా పట్టాలంటే ట్రైలరు ముందుభాగంతో పాటు దానికి తగిలించి ఉన్న పికప్ తోకని కూడా జాకీతోనే పైకి లేపాలి. అప్పుడు జాకీ మీద పడే బరువు నొగ బరువు కన్నా బాగా ఎక్కువ. అందుకని 3500 సబబు. ఆ పైన ఇంకో 1500 పౌన్ల శక్తి నాకు అలంకారమే.

ఒక ఆదివారం పొద్దున్న వాట్సాప్ వీడియోలో నాన్నకి ఇదంతా చూపించాను. నాన్న వ్యవసాయం చేసినవాడు. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, ఒకప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. ఎడ్లబండి తోలాడు, తర్వాత ట్రాక్టరు తోలాడు. అంతా విని రెండు ప్రశ్నలు అడిగాడు.

"కరెంటు పోతే దిగిపోద్దా?"

దిగదు. లోపల ఉన్నది మర. మర వాలు చాలా తక్కువ కాబట్టి రాపిడే దాన్ని పట్టి ఉంచుతుంది. మోటారు తిప్పితేనే దిగుతుంది, పైనుంచి బరువు తోసినా తిరగదు. బ్యాటరీ చచ్చిపోతే పైన మూత తీసి చిన్న హ్యాండిలుతో తిప్పుకోవచ్చు కూడా.

"సరే. ఏ నేల మీద పెడతావురా దాన్ని?"

నా స్ప్రెడ్ షీటులో ఆ వరస లేదు. నేను చూసిన కంపెనీల కాగితాల్లోనూ కనపడలేదు. వాళ్ళు 3500 పౌన్లని రాసేది జాకీ ఎంత మోస్తుందో. ఆ జాకీని మోసేది నేల. మా వృత్తిలో "నా మెషీన్లో బాగానే పనిచేసింది" అనే మాట ఒకటుంది. షాపులో నున్నటి కాంక్రీటు గచ్చు మీద ఎత్తి చూపించే జాకీ కూడా అంతే.

నాన్న అడిగాక కూర్చుని మా ట్రైలరు ఎక్కడెక్కడ ఆగుతుందో లెక్కేస్తే అయిదు రకాల నేలలు తేలాయి. ఇంటి ముందు కాంక్రీటు. మా కాలనీ నియమాల ప్రకారం రెండు రోజులకి మించి అక్కడ ఉంచకూడదు కాబట్టి మిగతా రోజులు స్టోరేజి యార్డులో కంకర. దారిలో షాపుల ముందు తారు. క్యాంపుల్లో గడ్డి నేల, అంటే డాలస్ చుట్టుపక్కల నల్లరేగడి. ఆఖరుది సముద్రం ఒడ్డున ఇసుక.

ఒక చిన్న లెక్క చెబుతాను, విసుక్కోకండి. 780 పౌన్ల బరువు జాకీ గొట్టం మొనమీదే నిలబడిందనుకోండి. రెండంగుళాల గొట్టం, అంటే మూడు చదరపు అంగుళాల పైచిలుకు. చదరపు అంగుళానికి 250 పౌన్ల ఒత్తిడి. దాని కింద ఆరంగుళాల గుండ్రటి ఇనప పాదం తగిలిస్తే 28 పౌన్లకి పడిపోతుంది. ఆ పాదం కింద అడుగు పొడుగున్న వెడల్పాటి చెక్క వేస్తే ఆరు పౌన్లలోపు. మనిషి రెండు కాళ్ళ మీద నిలబడితే నేల మీద పడే ఒత్తిడి రెండు మూడు పౌన్లుంటుంది. అంటే మనిషి దిగబడే చోట చెక్కతో సహా జాకీ కూడా దిగబడుతుంది, కానీ కొంచెమే. గొట్టం మొన అయితే గునపమే.

అందుకని జాకీ ఎంచుకోవడంలో నేను మోటారు సంగతి పక్కన పెట్టేసి పాదం సంగతి చూశాను. కొన్నిటికి పాదం విడిగా కొనుక్కోవాలి, కొన్నిటికి ఇస్తారు. కొన్నిటికి కింద చిన్న చక్రం ఉంటుంది, గరాజులో తోసుకోవడానికి బాగుంటుంది గానీ మెత్తటి నేల మీద అది పనికిరాదు. ఇంకొకటి, లోపలి కాలు. గొట్టంలోంచి ఇంకో గొట్టాన్ని చేత్తో లాగి పిన్ను పెట్టేసే ఏర్పాటున్న జాకీలు ఉన్నాయి. నేల పల్లంగా ఉన్నచోట మరని చివరికంటా బయటికి తీయకుండా ఆ కాలుతో సరిపెట్టుకోవచ్చు. మర ఎంత బయటికొస్తే అది పక్కకి వంగే ప్రమాదం అంత ఎక్కువ. జాకీ నిలువు బరువుకి రాక్షసి, పక్కనుంచి తోస్తే మాత్రం ఒట్టి కర్ర.

ఈ ఎత్తు గొడవ మా ఇంటి ముందే ఉంది. వాకిలి వీధి వైపు వాలుగా ఉంటుంది. ట్రైలరుని వెనక్కి తోసి పెడతాం కాబట్టి నొగ పల్లం వైపు వస్తుంది. ఇరుసు నుంచి జాకీకి 15 అడుగుల దూరం. వాలు నూటికి అయిదైతే ట్రైలరు సమంగా నిలవడానికి నొగని తొమ్మిది అంగుళాలు ఎత్తాలి. 18 అంగుళాలు లేచే జాకీలో సగం అక్కడే అయిపోయింది. ఇంక బంతి మీంచి తప్పించడానికి లేపాల్సింది ఉండనే ఉంది. జాకీ కింద మూడంగుళాల చెక్క పెడితే ఆ మేరకు మర లోపలే ఉంటుంది. కాంక్రీటు దిగబడదు. ఇళ్ళ ముందు పోసే కాంక్రీటు చదరపు అంగుళానికి మూడు నాలుగు వేల పౌన్లు తట్టుకుంటుంది. దాని మీద ఇనప పాదానికి ఉన్న ప్రమాదం జారడం. అంచేత చక్రాలకి ముందూ వెనకా అడ్డాలు వేసి, గట్టిగా ఆనాయో లేదో చూశాకే బంతి నుంచి విప్పాలి. చెక్క కింద పాత రబ్బరు చాప ముక్క వేస్తే ఇంకా మంచిది.

తారు సంగతి టెక్సాసులో ఉన్నవాళ్ళకి తెలుసు. ఆగస్టులో గాలి వంద డిగ్రీలుంటే తారు 140 దాటుతుంది. తారు చూడటానికి రాయిలా ఉంటుంది, నిజానికి చాలా చిక్కటి ద్రవం లాంటిది. కాసేపు ఆగి వెళ్ళిపోయే చక్రాన్ని మోస్తుంది, గంటల తరబడి ఒకేచోట నొక్కితే ఒంగుతుంది. షాపుల పార్కింగుల్లో తారు మీద గుండ్రటి గుంటలు కనిపిస్తుంటాయి, ఎవరో ట్రైలరు విప్పి వెళ్ళిన గుర్తులు. మోటారు సైకిళ్ళవాళ్ళు సైడు స్టాండు కింద చిన్న పలక పెట్టుకునేది ఇందుకే. కంకర మీద ఇంత బాధ లేదు. రాళ్ళు కదిలి పాదం ఒక పక్కకి ఒరగకుండా కాలితో చదును చేసి చెక్క వేస్తే చాలు.

సెప్టెంబరులో 3500 పౌన్ల జాకీయే కొన్నాను. బిగించడం ఒక పూట పని. నొగ చట్రంలో మూడు బోల్టులు, బ్యాటరీకి ఒక తీగ, దాని మీద 30 ఆంపియర్ల ఫ్యూజు. ఎర్తు చట్రం లోంచే వెళ్ళాలి కాబట్టి బోల్టుల దగ్గర రంగు గీకేసి, పళ్ళున్న వాషర్లు వేసి బిగించాం. రంగు మీద బిగిస్తే కరెంటు సరిగా పారదు. బ్యాటరీ తినేస్తుందని భయపడేవాళ్ళకి ఒక మాట. మహా అయితే 30 ఆంపియర్లు, రెండు నిమిషాలు. అంటే ఒక్క ఆంపియర్ అవరు. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అదొక చుక్క.

చెక్కలు కూడా తయారుచేశాను. ఇక్కడ కలప అడితీల్లో రెండు బై పన్నెండు అంటే నిజంగా ఒకటిన్నర బై పదకొండుంపావు. కొలతలో ఈ దొంగతనం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు. అడుగు పొడుగు ముక్కలు రెండు తీసుకుని, ఒకదాని మీద ఒకటి నారలు అడ్డంగా వచ్చేలా పెట్టి మరలు బిగించాను. ఒకే పలచటి ప్లైవుడ్డు అయితే పాదం చుట్టూ వంగిపోతుంది, అంచులు బరువు మొయ్యవు.

అక్టోబరులో నాన్న వచ్చాడు. జెట్ లాగ్ తీరిన రోజు పొద్దున్నే పెరట్లో కూర్చుని మట్టి తవ్వి చూస్తున్నాడు. "ఇది మన రేగడే కదురా" అన్నాడు.

నిజంగా మన రేగడే. డాలస్ ఉన్నది నల్లనేలల ప్రెయిరీ మీద. ఉత్తరాన రెడ్ రివరు దగ్గర మొదలై శాన్ ఆంటోనియో దాకా ఒక పట్టీలా సాగుతుంది. నేలల శాస్త్రంలో దీన్నీ మన దక్కను నల్లరేగడినీ వెర్టిసోల్స్ అనే ఒకే జాతిలో కలుపుతారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. రెండుచోట్లా పత్తే పండింది. భూగోళం పుస్తకాల్లో రీగర్ అని చదువుకున్నాం గుర్తుందా, అది మన రేగడి మాటే. దొరల నోట పడి అలా అయింది. వేసవిలో ఇక్కడివాళ్ళు ఇంటి పునాది చుట్టూ నీళ్ళ గొట్టాలు పరిచి నేలని తడుపుతుంటారు. మొదట్లో నాకు వింతగా ఉండేది. నాన్నకి చెబితే ఆయన వింతపడలేదు. "నెర్రెలిస్తే గోడలు పగలవూ మరి" అన్నాడు.

ఆ కార్తీకంలో మా స్నేహితుల వనభోజనాలు. డాలస్‌కి తూర్పున కాఫ్‌మన్ కౌంటీలో ఒకాయనకి అయిదెకరాలుంది. ఉసిరి చెట్టు లేదు, ఎవరింట్లోదో కుండీలో ఉసిరి మొక్క ఉంది, దాన్నే తెచ్చి మధ్యలో పెడతారు. అరవై మంది దాకా వస్తారు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు ఒక పదిహేను మంది ఉంటారు, వాళ్ళలో మోకాళ్ళ నొప్పులు లేనివాళ్ళు అరుదు. పొలంలో బాత్రూము లేదు. కిందటేడు ఇద్దరు పెద్దవాళ్ళు ఆ ఒక్క కారణానికే రానన్నారు. ఈసారి మా ట్రైలరు తెస్తామని మాటిచ్చాం.

గురువారం వాన పడింది. శుక్రవారం సాయంత్రం వెళ్ళేసరికి నేల పైకి ఆరినట్టే ఉంది. రోడ్డు నుంచి లోపలికి సున్నపురాయి కంకర పోసిన బాట ఒకటుంది. ట్రైలరు మొత్తం దాని మీదే పెడితే రేపొచ్చే కార్లకి దారుండదు. నాన్న బండి దిగి బాట పక్కన నడిచాడు. మడమతో నొక్కి చూశాడు. ఒకచోట ఇంత మట్టి తీసి అరచేతుల మధ్య పాములా పేనాడు. అది తెగకుండా బెత్తెడు సాగింది. అది పారేసి ఇంకోచోట తీశాడు. చివరికి బాట చివర ఒక చోటు చూపించాడు. చక్రాలు కంకర మీదే ఉంటాయి, నొగ మాత్రం బాట దాటి రేగడి మీదికి వస్తుంది.

నేను పార తీసుకుని గడ్డి చెక్కబోతుంటే ఆపాడు. "పీకబాక. గడ్డి వేళ్ళే పట్టుకుంటయ్యి" అన్నాడు. గడ్డి మీదే చెక్క వేశాం, దాని కింద ఇంకో పొడుగాటి పలక అడ్డంగా వేయించాడు. "పత్తి లోడుతో ట్రక్కు ఇడిస్తే జాకీ కింద బండ పెట్టేవోళ్ళం. ఒకసారి బండ కూడా దిగబడింది" అన్నాడు. మా ఊళ్ళో ట్రాక్టరు వెనక లాగేదాన్నే ట్రక్కు అంటారు, ఇక్కడి ట్రక్కు వేరు. ఈ తేడా వాళ్ళ కోడలికి చెబుతూ కాసేపు నవ్వుకున్నాడు.

మా ఆవిడ బొత్తాం నొక్కింది. నొగ మెల్లగా లేచింది. పాదం కింద చెక్క కొంచెం సర్దుకుని ఆగింది.

పొద్దున్న లేచి ట్రైలరు గచ్చు మీద లెవెల్ గొట్టం పెడితే బుడగ వెనక్కి జరిగి ఉంది. బయటికెళ్ళి కొలిస్తే ముప్పావు అంగుళం కుంగింది. నాన్నకి అది తక్కువే అనిపించింది, నాకూ. బొత్తాం నొక్కితే అర నిమిషంలో సమం అయిపోయింది. మధ్యాహ్నం పెద్దవాళ్ళు లోపలికి రావడం మొదలెట్టారు. బాత్రూముకని వచ్చినవాళ్ళు ఏసీ చూసి కదల్లేదు. ముందు వైపున్న బల్ల చుట్టూ ఒకేసారి ఆరుగురు కూర్చున్నారు. ఇరుసుకి ముందు ఎంత బరువు పడితే నొగ మీద అంత పెరుగుతుంది కదా. నాన్న గుమ్మంలోంచి చూసి, "అమ్మాయ్, ఇద్దర్ని వెనక మంచం మీదికి పంపు. ముందు బరువైతంది" అన్నాడు. "అలాగే మావయ్య గారూ" అని మా ఆవిడ ఇద్దరు పిన్నిగార్లని బతిమాలి వెనక్కి పంపింది. వాళ్ళకి సంగతేమిటో ఎవరూ చెప్పలేదు. జాకీ ఆ నలుగురైదుగురి బరువుకి చలించేది కాదు, కానీ కింద ఉన్నది తడి రేగడి. ఆయన జాగ్రత్త నాకు నచ్చింది.

అదే పొలంలో ఇంకో చిన్న ట్రైలరు ఉంది, వంటపాత్రలూ కుర్చీలూ తెచ్చింది. దాని జాకీకి కింద చిన్న చక్రం. సాయంత్రం చూస్తే చక్రం కనపడలేదు, గొట్టం మాత్రం నేలలోంచి మొలిచినట్టుంది. అయిదారుగురు కుర్రాళ్ళు కలిసి ఎత్తి, పక్కనుంచి బండరాయి తోసి, ఎట్లాగో బయటికి లాగారు. ఎవరి వేళ్ళూ నలగలేదు, అదే పదివేలు. నొగ కింద చేతులు పెట్టే పని ఎప్పుడూ భయమే.

మార్చిలో పాడ్రే ఐలండ్ వెళ్ళాం. కార్పస్ క్రిస్టీ అవతల, మనుషులు ఇళ్ళు కట్టని సముద్రపు ఒడ్డు డెబ్భై మైళ్ళ దాకా ఉంటుంది. నేషనల్ పార్కు శాఖ వాళ్ళది. ఇసుక మీదే బండి నడపనిస్తారు, ఇసుక మీదే క్యాంపు పెట్టుకోనిస్తారు. మొదటి అయిదు మైళ్ళూ దాటితే ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాల్సిందే. మేమంత దూరం పోలేదు. దూరం పోయే జీపులవాళ్ళు టైర్లలో గాలి 20 పౌన్లకి తగ్గించుకుంటారు, టైరు పరుచుకుని ఎక్కువ చోటు ఆనుతుందని. చెక్క వెయ్యడమూ అదే పనే.

ఆ రోజు శుక్రవారం. నా క్లయింటుకి ఆ రాత్రే కొత్త వెర్షను ఎక్కించాలి. ఒడ్డు చేరేసరికి కాల్ మొదలైంది. నేను పికప్‌లో కూర్చుని చెవిలో ఇయర్ ఫోను పెట్టుకుని, అద్దంలోంచి వెనక ఏం జరుగుతోందో చూస్తున్నాను. మా ఆవిడ చక్రాలకి అడ్డాలు వేసింది. పైపొడి ఇసుకని నాన్న పారతో నాలుగంగుళాలు పక్కకి తీశాడు, కింద చెమ్మ ఇసుక తగిలేదాకా. పొడి ఇసుక పక్కలకి జారిపోతుంది, చెమ్మది పట్టుకుంటుంది. పలక, దాని మీద చెక్క, దాని మీద పాదం. మా ఆవిడ బొత్తాం మీద వేలు పెట్టి, నన్ను ముందుకి పొమ్మని చెయ్యి ఊపింది. నేను కాల్‌లో "ఒక్క నిమిషం" అని మ్యూట్ చేసి బండి నాలుగడుగులు ముందుకి తీశాను. అయిపోయింది. జూన్‌లో ట్రైలరు అమ్మేద్దామన్న మనిషి ఆవిడే.

తూర్పు సముద్రం అది. పొద్దున్నే నీళ్ళలోంచి సూర్యుడు లేస్తాడు. నాన్న మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అమ్మ ఉన్నప్పుడు బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్ళాం, ఆ తర్వాత ఆయన సముద్రం చూడటం ఇదే. ఏమీ మాట్లాడలేదు. ఎనిమిదింటికి లోపలికొచ్చి పెరుగన్నం తిన్నాడు.

సముద్రం దగ్గరికి వెళితే తిరిగొచ్చాక జాకీని మంచినీళ్ళతో కడగాలి. గాలి ఇసుకని మర సందుల్లోకి తోస్తుంది, ఉప్పు బోల్టుల దగ్గర ఎర్తుని తినేస్తుంది. మోటారు మీద నీళ్ళ గొట్టం నేరుగా పెట్టకుండా కాలు మాత్రం బాగా కడిగి, తుడిచి, మరకి కొత్త గ్రీజు రాస్తే సరిపోతుంది. ఏప్రిల్‌లో నాన్న తిరిగి వెళ్ళే ముందు వారం ఆ పని చేసింది ఆయనే. నా భుజం అప్పటికి చెవి దాకా లేస్తోంది.

ఇంక మేము చూడని నేల మంచుది ఒక్కటే. చలికాలంలో కొలరాడో వెళదామని మా ఆవిడకుంది. అక్కడ పగలు కరిగిన మంచు రాత్రి గడ్డకట్టి చెక్కని నేలకి అతికించేస్తుందిట, పొద్దున్న జాకీ ఎత్తితే చెక్క రాదుట. చెక్క కింద పాత ప్లాస్టిక్ కటింగ్ బోర్డు పెట్టుకోండి, ఒక్క తన్నుతో ఊడొస్తుందని స్టోరేజి యార్డులో ఒక పెద్దాయన చెప్పాడు. మా వంటింట్లో సరిగ్గా సరిపోయేది ఒకటుంది. అడిగితే ఇవ్వనంది.